మీ క్యాసెట్‌లోని పాట, యాప్‌లోని పాట ఒకటి కాదు

మీరు అడిగింది ఇదీ. అమ్మగారింట్లో అటక సర్దుతుంటే ఒక చెప్పుల డబ్బాలో 1995 నుంచి 2000 దాకా మీరు కూడబెట్టుకున్న క్యాసెట్లు 31 దొరికాయి. ఇంట్లో టేప్ రికార్డర్ లేదు కాబట్టి అట్టల మీద రాసుకున్న పాటలన్నీ ఫోన్‌లో వెతికి పెట్టుకున్నారు. అన్నీ దొరికాయి, సౌండ్ కూడా శుభ్రంగా ఉంది, కానీ ఏదో తక్కువైంది. పక్కనుంచి మీ పద్నాలుగేళ్ల అబ్బాయి "అమ్మా, మళ్లీ ఓల్డ్ సాంగ్సా?" అంటున్నాడు. అప్పటి పాటలే గొప్పవా లేక నాకు వయసు మీద పడుతోందా, యాప్‌లో పెడితే అప్పటిలా ఎందుకు అనిపించట్లేదు, ఈ డబ్బాను ఏం చేయాలి? ఇవీ మీ మూడు ప్రశ్నలు.

నేను 1988 నుంచి 2003 వరకు హైదరాబాద్ చిక్కడపల్లిలో చిన్న రికార్డింగ్ సెంటర్ నడిపాను. ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెప్తున్నాను: జనం ఒక చీటీ మీద పాటలు రాసి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి వెళ్తే సాయంత్రానికి ఎక్కించి ఇచ్చేవాళ్లం. (1957 నాటి కాపీరైట్ చట్టం ముందు నిలబడే వ్యాపారం కాదది. వీధికొకటి ఉండేది కాబట్టి ఎవరికీ తప్పుగా తోచలేదు.) ఎంపీత్రీలు వచ్చి, నూట యాభై పాటలు ఒకే సీడీలో కోఠీ ఫుట్‌పాత్ మీద అమ్మడం మొదలయ్యాక షట్టర్ దించేశాను. ఇప్పుడు ఇంట్లోనే పాత టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటాను. వచ్చేవాళ్లు ఎక్కువగా మీ వయసువాళ్లే.

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. నాకు బాగా తెలిసింది అదే.

మీరు యాప్‌లో విన్నది కంపెనీ మాస్టర్ నుంచి, అంటే వాళ్ల దగ్గరున్న అసలు రికార్డింగ్ నుంచి తీసిన పాట. పదహారేళ్లప్పుడు మీరు విన్నది మీ క్యాసెట్. ఆ రెండూ వేరు. ఇది మాటవరసకు అనడం లేదు, కొలిచి చూపించగలను.

ముందు వేగం చూడండి. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్ తెచ్చినప్పటి నుంచీ లెక్క ఇదే. కానీ మన ఇళ్లలో ఉన్న టేప్ రికార్డర్లలో చాలావాటికి ఆ లెక్క పట్టేది కాదు. రెండు మూడు శాతం అటో ఇటో తిరిగేవి. బెల్టు సాగితే ఇంకాస్త. వేగం ఆరు శాతం మారిందంటే హార్మోనియం మీద పక్క మెట్టుకు జరిగినట్టే. మూడు శాతమంటే అందులో సగం. శ్రుతి తప్పిందని ఎవరూ గుర్తుపట్టరు, ఎందుకంటే పాటంతా కలిసే జరుగుతుంది. కానీ గొంతు రంగు మారుతుంది. నా షాపులో రెండో డెక్, అంటే క్యాసెట్లు ఎక్కించే రెండో మెషీన్, కాస్త నెమ్మదిగా నడిచేది. నెమ్మదైన డెక్ మీద ఎక్కించిన పాటను సరైన డెక్‌లో పెడితే వేగంగా వస్తుంది, గొంతు పల్చబడి, పాడే మనిషి రెండేళ్లు చిన్నదైనట్టుంటుంది. చిక్కడపల్లిలో సగం మంది అలాంటి పాటలే విన్నారు. పాపం నాదే.

రెండేళ్ల కిందట విద్యానగర్ నుంచి ఒకాయన వచ్చారు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారట. "యాప్‌లో పాడేది ఈ గాయని కాదండీ, ఎవరితోనో మళ్లీ పాడించారు" అని గట్టిగా వాదించారు. ఆయన క్యాసెట్‌ను నా డెక్‌లో పెట్టి, యాప్‌లో అదే పాట పెట్టి, రెండింటినీ కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టాను. గాయని ఒకరే. క్యాసెట్ నాలుగు శాతం వేగంగా ఉంది. యాప్‌ పాటను నాలుగు శాతం పెంచి వినిపించాను. పల్లవి రెండో లైనుకు ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. "ఆఁ, ఈమే" అన్నారు.

రెండోది పాటల వరస. మీ క్యాసెట్‌లో మూడో పాట అయిపోయి, నాలుగోది మొదలయ్యేలోపు ఓ మూడు సెకన్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో నాలుగో పాట మీ తలలో అప్పటికే మొదలైపోతుంది. ఇది మీ ఒక్కరికే కాదు. 2009లో అమెరికాలో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ పరిశోధకులు కొందరికి వాళ్లకు బాగా అలవాటైన సీడీలోని పాటల చివరలు వినిపించి, ఆ తర్వాతి నిశ్శబ్దంలో మెదడులో ఏం జరుగుతోందో స్కాన్ తీశారు. నిశ్శబ్దమే, కానీ మెదడు ముందు భాగం హుషారుగా పనిచేస్తోంది. రాబోయే పాటను సిద్ధం చేసుకుంటోంది. అలవాటు లేని సంగీతం పెడితే అలా జరగలేదు. ఇప్పుడు యాప్ సంగతి ఆలోచించండి. మీ మూడో పాట అవగానే అది దాని లెక్క ప్రకారం ఇంకేదో పాట పెడుతుంది. పెళ్లి భోజనంలో పప్పు తర్వాత పులుసు వస్తుందని విస్తరిలో గుంట చేసుకుని కూర్చుంటే ఐస్‌క్రీమ్ పెట్టిపోయినట్టు.

అందులోనూ మన హైదరాబాద్ క్యాసెట్ల వరస ఇంకెక్కడా ఉండదనుకుంటాను. 1991లో స్టార్ టీవీతో పాటు ఎంటీవీ వచ్చింది, 1994లో ఛానల్ వి వచ్చింది, 1995లో అలీషా చినాయ్, ఆ మరుసటి ఏడాది లక్కీ అలీ హిందీ ప్రైవేటు ఆల్బమ్‌లతో ఊపేశారు. మరోపక్క రెహమాన్ డబ్బింగ్ పాటలు. శుక్రవారం దూరదర్శన్‌లో చిత్రలహరి చూసి శనివారం పొద్దున్నే చీటీలు పట్టుకుని వచ్చేవాళ్లు. వేరే ఊళ్లలో తెలుగు క్యాసెట్ తెలుగుదీ, హిందీ క్యాసెట్ హిందీదీ. మన దగ్గర ఒకే సి-90లో, అంటే తొంభై నిమిషాల క్యాసెట్‌లో, ఏ సైడ్ మొదట తెలుగు డ్యూయెట్, తర్వాత హిందీ పాప్, తర్వాత ఇంగ్లిష్ అబ్బాయిల బ్యాండ్, చివర వాళ్ల నాన్నగారి కోసం ఒక ఘంటసాల. ఆ చివరిది లేకపోతే క్యాసెట్‌కు డబ్బులు పుట్టవు మరి. మీ డబ్బాలోనూ అలాంటివి ఉన్నాయని రాశారు, నవ్వొచ్చింది. ఇంగ్లిష్ పాటలకైతే మాటలు కూడా తెలిసేవి కావు. కౌంటర్ ముందు నిలబడి "అన్నా, తనననా తననా అని వస్తది, అది ఎక్కియ్యి" అని పాడి వినిపించేవాళ్లు. నేను పట్టేసేవాణ్ని. పట్టలేకపోతే పక్కన నిలబడ్డ ఇంకో కుర్రాడు చెప్పేవాడు.

వరసతో పాటు కోత కూడా గుర్తుండిపోతుంది. సి-60 అంటే ఒక్కో సైడ్ 30 నిమిషాలు. ఐదు నిమిషాల పాటలు ఆరు సరిగ్గా పట్టాలి, కానీ మధ్యలో ఖాళీలుంటాయి, ఏదో ఒక పాట ఐదున్నర ఉంటుంది. ఆరో పాట రెండో చరణంలో తెగేది. "తెగినా పర్లేదన్నా, ఎక్కియ్యి" అనేవాళ్లు. అలా తెగిన పాటకు మీకు తెలిసిన ముగింపు ఆ తెగడమే. యాప్‌లో ఆ చరణం పూర్తిగా వినబడితే కొత్త మనిషి ఇంట్లోకి వచ్చినట్టుంటుంది.

ఇక మూడోది చిన్నది. నాకు ఇష్టమైంది. టేపు చుట్ట మీద చుట్టగా ఏళ్ల తరబడి అలా బిగిసి ఉంటుంది. గట్టిగా రికార్డయిన చోటు అయస్కాంత ముద్ర పక్క చుట్టకు కొద్దిగా అంటుకుంటుంది. సి-90లో టేపు సి-60 కన్నా పల్చన, కాబట్టి దానిలో ఎక్కువ. ఫలితం ఏమిటంటే, పాట మొదలవడానికి ఒకటి రెండు సెకన్ల ముందు దాని నీడ వినబడుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పాటకు ముందున్న 'స్స్స్' మధ్యలో చెవి పెట్టండి. ఎక్కడో పక్కవీధిలో అదే పాట మొదలైనట్టు లీలగా వస్తుంది, ఆ వెంటనే అసలు పాట. దీన్ని ప్రింట్-త్రూ అంటారు. ఇంజినీర్లకు ఇది లోపం. 2011లో కెనడాలోని మాంట్రియల్‌లో చేసిన ఒక పరిశోధనలో, ఇష్టమైన పాటలో మనకు ఒళ్లు పులకరించే చోటు రాకముందే, ఎదురుచూపులోనే మెదడులో డోపమైన్ అనే హుషారు రసాయనం విడుదలవుతుందని తేలింది. క్యాసెట్ ఆ ఎదురుచూపుకు ఊతం ఇచ్చేదని నా నమ్మకం. నమ్మకమే, రుజువు లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. అప్పటి పాటలు గొప్పవా?

సూటిగా చెప్తే, లేదు. నా దగ్గర 1996, 97 నాటి షాపు నోటుబుక్కులు ఇంకా ఉన్నాయి. ఏ రోజు ఎవరికి ఏం ఎక్కించామో రాసుకునేవాళ్లం. మొన్న తిరగేశాను. ఒక నెలలో ఎక్కువ మంది అడిగిన పాటల్లో సగం నాకే గుర్తులేవు. కొన్ని వింటే, వీటి కోసమా జనం క్యూ కట్టింది అనిపించింది. పనికిమాలిన పాటలు అప్పుడూ బండెడు. వాటిని మనం మర్చిపోయాం, మిగిలిన నలభై పాటల్ని "ఆ రోజులు" అంటున్నాం. ఈ రోజు పాటల్లో ఇంకా జల్లెడ పట్టడం అవలేదు, అంతే. రికార్డింగ్ విషయంలో అయితే ఇప్పటి మామూలు స్టూడియోలో తీసేది అప్పటి పెద్ద స్టూడియోకన్నా శుభ్రంగా ఉంటుంది. ఒక్క ఫిర్యాదు మాత్రం ఉంది: పాటంతా ఒకే మోతలో ఉండేలా నొక్కేస్తున్నారు. పాత పాటల్ని రీమాస్టర్ అని మళ్లీ వదిలేటప్పుడు కూడా చాలాసార్లు అదే చేస్తున్నారు. మెల్లగా మొదలై పైకి లేచే చోటు చదునైపోతుంది. యాప్‌లో మీకు తక్కువైందన్న దాంట్లో కొంత వాటా దీనిదీ కావచ్చు.

మరి ఆ పాటలకు మన మీద అంత పట్టు ఎందుకంటే, ఒకటి ఎన్నిసార్లు విన్నామన్న లెక్క. జేబు ఖర్చు దాచి ఒక క్యాసెట్ కొంటే తర్వాతిది కొనేదాకా అదే వినాలి. ఆరు నెలలు పొద్దున్నా సాయంత్రం అదే. సెల్లులు నీరసించి పాట సాగుతుంటే వాటిని డాబా మీద ఎండలో పెట్టి మళ్లీ అదే పాట. ఎక్కువసార్లు ఎదురైనది ఇష్టంగా మారుతుందని రాబర్ట్ జాయాన్స్ అనే సైకాలజిస్టు 1968లోనే చూపించాడు. రెండోది వయసు. 1989లో హాల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు అమెరికాలో 108 మందికి 1932 నుంచి 1986 వరకు హిట్టయిన 28 పాటల ముక్కలు వినిపించి మార్కులు వేయమన్నారు. తమకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లప్పుడు వచ్చిన పాటలకు ఎక్కువ మార్కులు పడ్డాయి. తర్వాత వేరేవాళ్లు చేసిన కొన్నింటిలో ఆ వయసు ఇంకా కిందికి, పద్దెనిమిది దగ్గరికి దిగింది. నా కస్టమర్ల చీటీలు చూసి చెప్పమంటే నేనూ పదహారుకూ ఇరవై రెండుకూ మధ్యనే అంటాను. మొదటిసారి ఒంటరిగా సిటీ బస్సెక్కిన వయసు, ఇంట్లో చెప్పకుండా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమాకెళ్లిన వయసు. అన్నీ మొదటిసారే జరిగే ఏళ్లలో వెనకాల ఏ పాట మోగితే అది అతుక్కుంటుంది.

కాబట్టి మీకు వయసు మీద పడటం నిజమే గానీ, అది ఈ రోగానికి కారణం కాదు. నాకు యాభై ఎనిమిది. 1984 నాటి పాట వింటే నాకూ అంతే. ఆ పాట మీకు పెడితే "పెద్దవాళ్ల పాట" అంటారు. మీ అబ్బాయి మీతో అంటున్నదీ అదే.

అబ్బాయి గురించి దిగులు వద్దు. 2013లో కార్నెల్ యూనివర్సిటీలో ఇరవై ఏళ్ల వయసున్న 62 మంది విద్యార్థులకు 1955 నుంచి వచ్చిన పెద్ద హిట్లు వినిపించారు. వాళ్లు పుట్టకముందు, వాళ్ల అమ్మానాన్నలు కుర్రాళ్లుగా ఉన్నప్పటి పాటల దగ్గర కూడా గుర్తులూ ఇష్టమూ పెరిగాయట. ఇంట్లో మోగిన పాట చెవిలో పడుతూనే ఉంటుంది. వాడు ఇప్పుడు ఒప్పుకోడు. అడగకండి కూడా, పెట్టుకుని వినండి.

ఇక డబ్బా. మొదటి మాట: ఆన్‌లైన్‌లో దొరికే, క్యాసెట్ పెడితే నేరుగా యూఎస్‌బీలోకి ఎక్కించే చౌక డబ్బాలు కొనకండి. వాటి వేగం నా రెండో డెక్‌కన్నా ఘోరం. పాట వణుకుతుంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో గానీ, గురువారం జుమేరాత్ బజార్‌లో గానీ పాత డెక్ దొరుకుతుంది. తిరగకపోయినా ఫర్వాలేదు. పదిలో ఎనిమిదింటికి రోగం రబ్బరు బెల్టే. విప్పి చూస్తే తారులాగా కరిగి పుల్లీకి అంటుకుని ఉంటుంది. స్పిరిట్‌తో తుడిచి కొత్త బెల్టు వేస్తే లేచి కూర్చుంటుంది. కోఠీ గుజరాతీ గల్లీ చుట్టుపక్కల అడిగితే బెల్టూ, అది వేసే మనిషీ ఇద్దరూ దొరకొచ్చు.

క్యాసెట్‌ను వెంటనే ప్లే చేయకండి. ముందు క్యాసెట్‌కున్న చిన్న కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. అంచుల మీద తెల్లటి పొడి ఉంటే అది బూజు, దాన్ని డెక్‌లో పెడితే హెడ్డుకు (టేపును చదివే భాగానికి) అంటి మిగతా ముప్పైకీ పాకుతుంది. పక్కన పెట్టండి, దాని పని వేరు. పొడి లేనివాటిని ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ రివైండ్ చేయండి. ఇరవై ఏళ్లుగా అతుక్కున్న చుట్టలు విడతాయి. టేపు మధ్యలో హెడ్డుకు ఎదురుగా చిన్న స్పాంజి ముక్క ఉంటుంది, అది ఊడిపోయి ఉంటే సౌండ్ గుడ్డిగా వస్తుంది. పనికిరాని క్యాసెట్ నుంచి ఒకటి తీసి అతికించొచ్చు. ప్రతి రెండు మూడు క్యాసెట్లకూ హెడ్డునూ రబ్బరు రోలర్‌నూ తుడవండి.

సౌండ్ మూగగా ఉంటే హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూ సంగతి తెలిసినవాళ్లను అడగండి. దాన్ని వెంట్రుకవాసి తిప్పితే తాళాలు, గజ్జెలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. ఆ స్క్రూ ఒక్కో క్యాసెట్‌కు ఒక్కోలా కుదరాలి, ఎందుకంటే ఒక్కోటీ ఒక్కో డెక్ మీద ఎక్కింది. తెలియకుండా తిప్పితే డెక్ పాడవదు గానీ, మళ్లీ దారికి తేవడం తలనొప్పి.

డెక్ లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌కు వైరు, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, అంతే కావాల్సింది. వేవ్ ఫైలుగా పెట్టుకోండి. మామూలు సీడీ నాణ్యతలో నిమిషానికి దాదాపు 10 ఎంబీ, సి-60కి 600 ఎంబీ అవుతుంది. ఈ రోజుల్లో అదో లెక్క కాదు. ఒక సైడ్ మొత్తం ఒకే ఫైలు. పాటలుగా ముక్కలు చేయకండి. హిస్, అంటే ఆ 'స్స్స్' మోత, తీసేసే బటన్ నొక్కకండి. వేగం సరిచేయకండి. అవన్నీ తర్వాత కాపీ మీద చేసుకోవచ్చు. పాట శుభ్రంగా కావాలంటే యాప్‌లో ఉండనే ఉంది కదా. మీకు కావాల్సింది మీ క్యాసెట్.

ఆదివారానికి రెండు చొప్పున చేస్తే నాలుగు నెలల్లో అయిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం తొందరపడకండి. 1993లో ముషీరాబాద్ నుంచి ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు. కొత్త క్యాసెట్‌కు డబ్బుల్లేవు, పాతదే ఇచ్చి దీని మీదే ఎక్కించమన్నాడు. మూలనున్న ప్లాస్టిక్ పలక విరిచి ఉంది. అది విరిస్తే రికార్డింగ్ పడదు. ఎవరో కావాలనే విరిచారన్నమాట. నాకు అది తట్టలేదు. ఆ గుంట మీద సెల్లోటేప్ అతికించి, రెండు వైపులా కొత్త పాటలు ఎక్కించేశాను. వారం తర్వాత వచ్చాడు. కోపంగా కాదు, నెమ్మదిగానే అడిగాడు. "అన్నా, పాటలు అయినంక దీంట్ల మా నాయిన మాట్లాడింది ఉండె గదా. నేను జూసుకోలే, మా తమ్ముడు ఇప్పుడు జెప్పిండు. ఏమన్న జేస్తె వస్తదా?" ఏం చేసినా రాదు. రికార్డ్ బటన్ నొక్కితే ముందున్నది చెరిగిపోయాకే కొత్తది ఎక్కుతుంది. ఆ సంగతి అతనికి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎక్కించిన డబ్బులు వెనక్కిచ్చాను, తీసుకోలేదు.

అప్పట్లో ఇంట్లో రికార్డ్ బటన్ ఉన్న వస్తువు అదొక్కటే. పాటలు అయిపోయి, చివర్లో నాలుగు నిమిషాలు మిగిలితే ఎవరో ఒకరు మైకు ముందు ఏదో ఒకటి అనేవాళ్లు. నా దగ్గరికి వచ్చే టేపుల్లో చంటిపిల్ల పద్యం, మామ్మగారి దగ్గు, కుక్కర్ విజిల్, "ఆన్ అయిందా, లేదా" అనే గొంతు, ఇవన్నీ దొరికేది అక్కడే. చివరి పాట అవగానే జనం స్టాప్ నొక్కేస్తారు. మీరు నొక్కకండి. ఆ పలక విరిచి ఉన్న క్యాసెట్లను ముందు తీయండి, ఖాళీ 'స్స్స్' ఎంతసేపు వచ్చినా రికార్డింగ్ నడవనివ్వండి, ప్లే బటన్ దానంతట అదే టక్కున పైకి లేచేదాకా.